ఆర్మేనియా ఆరు రోజుల ప్యాకేజీ: చోట్లు బాగున్నాయి, గంటలే సరిగ్గా పంచలేదు

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్తే దుబాయ్, సింగపూర్, యెరూషలేము కాగితాల పక్కన ఇప్పుడు ఆర్మేనియా కాగితం కూడా చేతిలో పెడుతున్నారు. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. చెన్నైలో విమానం ఎక్కి, షార్జాలోనో దుబాయ్‌లోనో మారి, ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో దిగాలి. బస మొత్తం యెరెవాన్‌లోనే. రోజూ పొద్దున బస్సెక్కి మఠాలో సరస్సో చూసి రాత్రికి అదే హోటలుకు రావడం. ఇంగ్లీషు మాట్లాడే అక్కడి గైడు ఒకరు, మన వైపు నుంచి టూర్ మేనేజరు ఒకరు ఉంటారు.

చోట్ల ఎంపికకు వంక పెట్టలేం. గంటల పంపకానికి మాత్రం పెట్టాలి. ఇరవై నిమిషాలు చాలిన చోట గంట, రెండు గంటలు కావలసిన చోట ముప్పావు గంట ఇచ్చారు. అడ్వాన్సు కట్టకముందే అడిగితే ఇందులో సగానికి పైగా సరిచేయించుకోవచ్చు. గ్రూపు పదిహేను మంది దాటితే ఆఫీసువాళ్లు రోజుల వరస మార్చడానికి పెద్దగా అభ్యంతరం చెప్పరు.

ముందు కాగితాల సంగతి. మన పాస్‌పోర్టుకు ఆర్మేనియా ఈ-వీసా ఇస్తుంది. 21 రోజులది, 120 రోజులది అని రెండు రకాలు. ఈ టూరుకు మొదటిది చాలు. తప్పు ఎక్కువగా జరిగేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి పూర్తిగా ఉంటుంది, టికెట్టు మీద ఆఫీసువాళ్లు ఇనిషియల్ కొట్టేస్తారు. ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరసల్లో అక్షరాలు ఎలా ఉన్నాయో వీసాలోనూ టికెట్టులోనూ అలాగే ఉండాలి. ఆఫీసువాళ్ల నుంచి రెండూ తెప్పించుకుని మీరే పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉన్నాయో లేదో కూడా చూడండి. విడివిడిగా కొంటే షార్జాలో సామాను బయటికి తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది, దానికి అక్కడి వీసా కావాలి. చెన్నై విమానాశ్రయానికి నెల్లూరు నుంచి నాలుగు గంటలు, ఒంగోలు నుంచి ఆరు గంటలు చేతిలో పెట్టుకుని బయలుదేరడం మంచిది. ప్యాకేజీలో ఈ బస్సు ఖర్చు కలవదు, కాగితం మీద అది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ప్యాకేజీలో అన్నిటికన్నా విలువైన రోజు గార్ని, గెఘార్డ్ చూపించే రోజు. యెరెవాన్ నుంచి గార్ని సుమారు 28 కిలోమీటర్లు, గెఘార్డ్ ఇంకో పది లోపే. దూరం తక్కువ కదా అని ఆఫీసువాళ్లు దీన్ని అర పూటకు కుదించి, మధ్యాహ్నం బ్రాందీ ఫ్యాక్టరీకో తివాచీల షోరూముకో తిప్పుతారు. అది పెద్ద పొరపాటు. గార్నిలో ఉన్నది చర్చి కాదు, క్రీస్తు శకం తొలి శతాబ్దం నాటి గ్రీకు, రోమన్ పద్ధతి ఆలయం. చుట్టూ 24 స్తంభాలు. 1679 భూకంపంలో కూలిపోతే, 1969 నుంచి 1975 వరకు పడిపోయిన రాళ్లనే ఏరి నిలబెట్టారు. ఎక్కడ పాత రాయి దొరకలేదో అక్కడ చెక్కడం లేని నున్నటి రాయి పెట్టారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో కంటికి తెలిసిపోతుంది. గైడు చెప్పకపోతే అడిగి చూపించుకోండి. ముందున్న తొమ్మిది మెట్లు ఒక్కొక్కటీ బాగా ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పక్కన చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి.

గార్ని కింద లోయలో అజాత్ నది ఒడ్డున బసాల్టు స్తంభాల గోడ ఉంది. లావా చల్లారుతూ బీటలు వారినప్పుడు ఆరు పలకల కడ్డీలుగా విడిపోయింది. వాటిని పై నుంచి వేలాడదీసినట్టుంటుంది. ప్యాకేజీలో దీన్ని ఆలయం అంచు నుంచి వేలు పెట్టి చూపించి వదిలేస్తున్నారు. పెద్ద బస్సు కిందికి దిగదు, అదీ కారణం. ఊళ్లో చిన్న బండ్లు దొరుకుతాయి, నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటే ముప్పావు గంటలో వెళ్లి రావచ్చు. చీమకుర్తి క్వారీల్లో పనిచేసినవాళ్లు, గ్రానైటు వ్యాపారం చేసేవాళ్లు గ్రూపులో ఉంటే ఈ లోయ తప్పకుండా అడగండి. రాయిని ఎరిగిన కంటికి ఇక్కడ కనిపించేది వేరు.

గెఘార్డ్ మఠం సగం కట్టింది, సగం కొండలో తొలిచింది. ప్రధాన చర్చి 1215 నాటిది. 2000లో యునెస్కో జాబితాలో చేర్చారు. క్రీస్తు పక్కలో పొడిచిన ఈటె ఇక్కడే ఉండేదని చెబుతారు, ఆ ఈటె పేరే మఠానికి పెట్టారు. మన భైరవకోనలో ఒకే కొండలో వరసగా తొలిచిన ఎనిమిది శివాలయాలను చూసినవాళ్లకు ఇక్కడి పని ఇట్టే అర్థమవుతుంది. తేడా ఎక్కడంటే, భైరవకోన గుహలు ముందు వైపు తెరుచుకుని ఉంటాయి, వెలుతురు ఎదురుగా వస్తుంది. గెఘార్డ్‌లో గదులు కొండ కడుపులోకి వెళ్లిపోయాయి. వెలుతురు కప్పు మధ్యలో ఉన్న రంధ్రంలోంచి ఒకే ధారగా దిగుతుంది. లోపలి ఒక గదిలో కొండ ఊట పారుతుంది, యాత్రికులు సీసాల్లో పట్టుకెళ్తారు. పక్క గదిలో గోడ మీద గొలుసులతో కట్టిన రెండు సింహాలు, కింద గొర్రెపిల్లను పట్టుకున్న గద్ద. ఆ మఠాన్ని పోషించిన రాజవంశం గుర్తు అది.

చాలా గ్రూపులు ఇంతవరకే చూసి వెనక్కి తిరుగుతాయి. బయటి మెట్ల మీదుగా పైకి ఎక్కి, కొండలో తొలిచిన ఇరుకు దారిలో వెళ్తే 1288 నాటి పై మండపం వస్తుంది. నాలుగు స్తంభాలు, అంతా ఒకే రాయి. అక్కడ ఒక గొంతు పాడితే గోడలు దాన్ని పట్టుకుని చాలాసేపు వదలవు. కొన్నిసార్లు అక్కడి గాయకుల బృందం వచ్చి పాడుతుంది, వాళ్లకు కాస్త డబ్బు ఇవ్వడం ఆనవాయితీ. ఎవరూ లేకపోయినా మీ గ్రూపులో పాట వచ్చినవాళ్లుంటే, ప్రార్థనలో ఎవరూ లేని వేళ గైడును అడిగి ఒక్క కీర్తన మెల్లగా పాడుకోండి. మొత్తం గెఘార్డ్‌కు రెండు గంటలు కావాలి. ప్యాకేజీలో ఇచ్చింది నలభై ఐదు నిమిషాలు. బస్సు ఆగే చోటు నుంచి గుమ్మం వరకు రాళ్లు పరిచిన ఎగుడు దారి, పెద్దవాళ్లకు రానూపోనూ ఇరవై నిమిషాలు అందులోనే పోతాయి. ఈ ఒక్క రోజు షాపింగు కొట్టేయించగలిగితే ప్యాకేజీకి పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్టే.

మఠాల్లో నడవడిక గురించి రెండు మాటలు. చెప్పులు విప్పనక్కర్లేదు. నిక్కర్లు, చేతుల్లేని బట్టలు వద్దు. ఆడవాళ్లు తలమీద చున్నీ వేసుకుంటే మర్యాదగా ఉంటుంది. కొవ్వొత్తులు గుమ్మం దగ్గర కొని, ఇసుక, నీళ్లు పోసిన రేకు పళ్లేల్లో గుచ్చుతారు. అక్కడివాళ్లు బలిపీఠానికి వీపు చూపకుండా వెనక్కి నడుస్తూ బయటికి వస్తారు, గమనించండి. ఒంగోలు బాప్టిస్టు సంఘాల నుంచి వెళ్లేవాళ్లకు బెంచీలు లేని, ప్రసంగ వేదిక కనిపించని చర్చి కొత్తగా ఉంటుంది. క్రైస్తవాన్ని రాజ్యమతంగా తీసుకున్న తొలి దేశం తమదని ఆర్మేనియన్లు చెప్పుకుంటారు, దానికి వాళ్లు చెప్పే సంవత్సరం 301.

ఖోర్ విరాప్, నొరావాంక్ మఠాలు కలిపి ఒక రోజు. ఈ జత, ఈ వరస సరిగ్గా కుదిరాయి. ఖోర్ విరాప్ యెరెవాన్‌కు 40 కిలోమీటర్ల దూరంలో, తుర్కియే సరిహద్దు పక్కనే ఉంది. నోవహు ఓడ నిలిచిందని చెప్పే అరారాతు పర్వతం, 5,137 మీటర్లు, ఎదురుగా నిలబడి ఉంటుంది. పర్వతం ఉన్నది తుర్కియేలో. ఆ సరిహద్దు మూసి ఉంది కాబట్టి అటు వెళ్లే మాటే లేదు. పొద్దున తొమ్మిదిలోపు చేరితే శిఖరం స్పష్టంగా కనిపించే అవకాశం ఎక్కువ. ఎండ ఎక్కేకొద్దీ మైదానం మీద మసక కమ్మి, వేసవిలో మధ్యాహ్నానికి కొండ పూర్తిగా మాయమవుతుంది. కాబట్టి ఆ రోజు హోటలు టిఫిన్ ఏడింటికే పెట్టమని ముందు రాత్రి చెప్పించాలి. గ్రెగొరీ అనే సాధువును పదమూడేళ్లు బంధించారని చెప్పే గొయ్యి ఇక్కడ ఉంది. దాదాపు ఆరు మీటర్ల లోతు, నిటారుగా ఇనప నిచ్చెన, పైన ఇరుకు రంధ్రం. భారీ మనుషులు, బీపీ ఉన్నవాళ్లు, చీర కట్టుకున్నవాళ్లు దిగకపోవడం మంచిది. లోపల గాలి ఆడదు. దిగడం కంటే ఎక్కడం కష్టం. పైన జనం వరస కట్టి ఉంటే కింద ఉన్నవాళ్లకు కంగారు పుడుతుంది, నలుగురికి మించి ఒకేసారి దిగనివ్వవద్దని టూర్ మేనేజరుకు చెప్పండి.

అక్కడి నుంచి దక్షిణంగా పోతే నొరావాంక్. ఎర్రటి కొండల ఇరుకు లోయ చివర ఉంటుంది. సాయంత్రం ఎండ పడినప్పుడే ఆ ఎరుపు బయటికి వస్తుంది. 1339లో పూర్తయిన రెండంతస్తుల చర్చికి ముందు గోడలోంచే పొడుచుకొచ్చిన సన్నటి మెట్లున్నాయి. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎక్కేటప్పుడు ధైర్యంగా ఎక్కినవాళ్లు దిగేటప్పుడు ఆగిపోతారు. గోడ వైపు ముఖం పెట్టి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగాలి. వాన పడి ఉంటే ఎక్కవద్దు. దారిలో అరెని గుహ ఉంది. సుమారు 5,500 ఏళ్ల నాటి తోలు చెప్పు 2008లో దొరికింది ఆ గుహలోనే. ప్యాకేజీలో గుహకు బదులు ఎదురుగా ఉన్న వైన్ షాపులో ఆపుతారు. గుహకు అరగంట చాలు, అడిగితే ఆపుతారు.

సెవాన్ సరస్సు రోజు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎక్కువ ఆశ పెట్టుకునేదీ, కొందరు నిరాశపడేదీ ఇక్కడే. నగరం నుంచి 65 కిలోమీటర్లు. సరస్సు సముద్ర మట్టానికి 1,900 మీటర్ల ఎత్తున, దాదాపు 1,240 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. మంచినీటి సరస్సు, పులికాట్ కంటే చాలా పెద్దది. ఊటీ అంత ఎత్తు లేకపోయినా గాలి ఊటీ కంటే కొరుకుతుంది. మేలో నెల్లూరు ఎండల్లోంచి వెళ్లినవాళ్లు పల్చటి చొక్కాతో దిగి పది నిమిషాల్లో బస్సులోకి పరిగెత్తుతారు. గాలి ఆపే జాకెట్టు, చెవులు మూసే టోపీ చేతి సంచిలోనే ఉంచుకోవాలి, డిక్కీలో కాదు.

సెవానవాంక్ మఠం 874లో ఒక రాజకుమార్తె పోషణలో కట్టింది. అప్పుడది ద్వీపం. ఇప్పుడు నడిచి వెళ్తున్నామంటే కారణం సరస్సు తగ్గిపోవడమే. 1930ల నుంచి సాగుకూ కరెంటుకూ నీళ్లు తోడి, మట్టం సుమారు 20 మీటర్లు పడిపోయింది, ద్వీపం గట్టుకు అతుక్కుపోయింది. సోమశిలలో నీళ్లు తగ్గినప్పుడు గట్టు మీద వరసలు వరసలుగా తేలే గీతలు చూసినవాళ్లు ఆ 20 మీటర్లంటే ఏమిటో ఊహించుకోగలరు. తర్వాత వేరే నది నీళ్లను 48 కిలోమీటర్ల సొరంగం తవ్వి ఇటు మళ్లించారు, అది 1981లో పూర్తయింది. ఈ కథ సరస్సు ఒడ్డున నిలబడి వింటేనే పట్టుబడుతుంది. మన గైడ్లు దీన్ని బస్సులో, సగం మంది నిద్రపోతున్నప్పుడు చెప్పేస్తున్నారు.

మఠానికి రెండు వందలకు పైగా మెట్లు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కితే ఎక్కువమంది ఎక్కగలరు. ఆ ఎత్తులో ఆయాసం మామూలు కంటే ముందే వస్తుంది. పైన రెండు చర్చిలు మిగిలాయి. చర్చి లోపల కంటే దాని వెనక అంచు దాకా నడవడం ముఖ్యం, సరస్సు మూడు పక్కలా కనిపించేది అక్కడే. పడవ షికారు ప్యాకేజీలో ఉందని రాస్తారు, గాలి లేస్తే మాత్రం పడవలు నడపరు. అప్పుడు ఆ డబ్బు తిరిగి ఇస్తారా, బదులుగా ఏం చూపిస్తారు అని ముందే రాయించుకోండి.

బదులుగా అడగదగినది నొరతూస్. సరస్సు పడమటి ఒడ్డు వెంట దక్షిణంగా వెళ్తే వచ్చే ఊరు. అక్కడి శ్మశానంలో వందల కొద్దీ ఖాచ్‌కార్లు, అంటే సిలువ చెక్కిన రాతి పలకలు, బయలులో నిలబడి ఉన్నాయి. ఏ రెండు పలకల అల్లికా ఒకటి కాదు. ఈ కళను యునెస్కో 2010లో గుర్తించింది. ప్యాకేజీ దీన్ని వదిలేసి, కొండ కింది రోడ్డు సొరంగం దాటి దిలిజాన్ అడవుల్లోకి తీసుకెళ్తుంది. దిలిజాన్ కూడా బాగుంటుంది. సొరంగానికి ఇటు బోడి కొండలు, అటు ఒక్కసారిగా పచ్చటి అడవి, వాన. ఒకే రోజులో రెండూ పట్టవు. చెట్లు కొడైకెనాల్‌లోనూ చూడవచ్చు. నొరతూస్ లాంటిది మరెక్కడా దొరకదు.

తాతేవ్ మఠం రోజు మీద మాది గట్టి అభ్యంతరం. నగరం నుంచి 250 కిలోమీటర్లు, కొండ దారి, ఒక్కో వైపు నాలుగు గంటల పైమాటే. పోయి, చూసి రావడానికి మొత్తం పదకొండు, పన్నెండు గంటలు. రోప్‌వే 5.7 కిలోమీటర్లు, 2010లో మొదలైంది, లోయ మీద పన్నెండు నిమిషాల ప్రయాణం నిజంగా గొప్పగా ఉంటుంది. తొమ్మిదో శతాబ్దపు మఠమూ అంతే. అయినా ఎనిమిది తొమ్మిది గంటలు బస్సులో కూర్చుని అరవై దాటినవాళ్లు అక్కడ చూడగలిగేది గంటన్నర. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, అప్పుడు మెలికల దారిలో బస్సే గతి. దక్షిణాన ఒక రాత్రి బస కలిపితే తప్ప ఈ రోజు వద్దనుకోండి. ఆ పూటను నొరతూస్‌కూ యెరెవాన్‌కూ పంచితే మేలు.

యెరెవాన్‌కు నిజంగానే అదనపు పూట కావాలి. ప్యాకేజీలో నగరం మొత్తాన్ని నాలుగు గంటల్లో బస్సు కిటికీలోంచి చూపిస్తున్నారు. ఇక్కడి భవనాలు గులాబీ రంగు టఫ్ రాతివి. అగ్నిపర్వత బూడిద గట్టిపడిన రాయి, తేలిక, రంపంతో కోయవచ్చు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పాలిష్ పట్టి అద్దంలా చేసే రాయి, ఇది పాలిష్ కోరని రాయి. పొద్దున ఒక రంగు, పొద్దుగూకేటప్పుడు మరో రంగు. రిపబ్లిక్ స్క్వేర్‌ను సాయంత్రం చూడాలి. వెచ్చటి నెలల్లో రాత్రిళ్లు పాటలకు ఎగిరే ఫౌంటెన్లు ఉంటాయి, చలికాలంలో ఉండవు. కాస్కేడ్ అనే కొండవాలు మెట్ల వరసలో మెట్లు 572. లోపల ఎస్కలేటర్లున్నాయి, పైకి వాటి మీద వెళ్లి మెట్ల మీద దిగండి. నిర్మలమైన రోజున పై నుంచి అరారాతు కనిపిస్తుంది.

మాతెనదరాన్ అనే రాతప్రతుల భవనం ఆది, సోమవారాల్లో మూసి ఉంటుంది. చెన్నై నుంచి శుక్రవారం రాత్రి బయలుదేరే గ్రూపులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి, నగరం పూట ఆదివారం పడుతుంది. తేదీలు వేసుకునేటప్పుడే చూసుకోండి. లోపల 28 కిలోల పుస్తకం ఒకటి ఉంది. 1915లో ఆర్మేనియన్ల మీద జరిగిన హత్యాకాండలో ఇద్దరు ఆడవాళ్లు దాన్ని రెండు ముక్కలు చేసి చెరొకటి మోసి కాపాడారని చెబుతారు. ఆ హత్యాకాండ స్మారకం నగరంలోనే కొండ మీద ఉంది, 44 మీటర్ల స్తంభం, వంగి నిలిచిన 12 రాతి పలకలు, నడుమ ఆరని మంట. అక్కడ సెల్ఫీలు, నవ్వులు వద్దని టూర్ మేనేజరు బస్సులోనే చెప్పాలి.

ఆర్మేనియన్లతో మనవాళ్లకు ఒక బంధం ఉంది. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక 1794లో అచ్చయింది మద్రాసులో. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆర్మేనియన్ స్ట్రీట్, అక్కడి పాత చర్చి అప్పటి ఆర్మేనియన్ వ్యాపారుల గుర్తులే. వెళ్లేముందు చెన్నైలో రెండు గంటలు దొరికితే చూసి వెళ్లండి. యెరెవాన్‌లో గైడుతో మద్రాసు మాటెత్తితే సంభాషణ వేరే దారి పడుతుంది.

భోజనం. ప్యాకేజీలో రాత్రి ఇండియన్ డిన్నర్ ఉంటుంది, అది ఉత్తరాది వంట. పగటి భోజనమే ఇబ్బంది. శాకాహారులు 'వెజిటేరియన్' అంటే చేప పెట్టినా పెడతారు. 'అరంత్స్ మ్సి', అంటే మాంసం లేకుండా, అని చెప్పాలి. 'పాస్' అన్నా బాగా అర్థమవుతుంది, అది వాళ్ల ఉపవాస భోజనం పేరు, అందులో మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు. ఆకుకూరలు కూరి కాల్చిన జెంగ్యాలోవ్ హాత్స్ రొట్టె మన నోటికి పట్టేది. పెరుగును మత్సూన్ అంటారు, గడ్డగా, పుల్లగా ఉంటుంది. తాన్ అంటే ఉప్పు మజ్జిగే. పల్చటి లవాష్ రొట్టెను గోడకు కొట్టి కాల్చడం గార్ని దగ్గర ఇళ్లలో చూడవచ్చు. సెవాన్ చేప నిప్పుల మీద కాల్చి నిమ్మకాయతో ఇస్తారు. చేపల పులుసుకు అలవాటు పడ్డ నెల్లూరు నాలుకకు చప్పగా ఉంటుంది, చిన్న డబ్బాలో కారప్పొడి పెట్టుకోండి. పచ్చళ్లు చెక్-ఇన్ సామానులోనే వేయాలి, నూనె ఉంది కాబట్టి చేతి సంచిలో ఆపేస్తారు. తాగునీళ్లకు నగరంలో వీధి వీధికీ రాతి కుళాయిలున్నాయి, నీళ్లు నిక్షేపంగా తాగవచ్చు.

అక్కడి డబ్బు డ్రామ్‌లు, అవి ఇక్కడ మార్చుకోలేం. మడతలు, రాతలు లేని డాలరు నోట్లు తీసుకెళ్లి నగరంలో మార్చుకోవాలి. మఠాల ప్రవేశం ఉచితం. గార్నికి, మ్యూజియాలకు, రోప్‌వేకు టికెట్లుంటాయి, అవి ప్యాకేజీలో కలిశాయో లేదో ఒక్కొక్కటి పేరు పెట్టి అడగండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు. ఫోను ఛార్జరు రెండు పిన్నులదైతే చాలు. టైము మనకంటే గంటన్నర వెనక.

నెలల్లో మే చివర, జూన్ మొదట, సెప్టెంబరు, అక్టోబరు మంచివి. జూలై, ఆగస్టుల్లో యెరెవాన్ కూడా మన ఒంగోలులాగే కాగుతుంది. జూలైలో వర్దవార్ పండుగ పడితే ఆ ఆదివారం వీధిలో ఎవరు ఎవరి మీదైనా బకెట్లతో నీళ్లు పోస్తారు. ఫోను, పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో వేసుకోండి.

చివరి రోజు వెర్నిసాజ్ సంత. శని, ఆదివారాల్లోనే నిండుగా ఉంటుంది. అరచేతి పట్టే టఫ్ రాతి ఖాచ్‌కార్ కొనదగినది. మెత్తటి రాయి కాబట్టి అంచులు పెచ్చులూడతాయి, లుంగీలో చుట్టి పెట్టె మధ్యలో పెట్టండి. ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టిన అక్రోటు దండలు గెఘార్డ్ గుమ్మం దగ్గర అవ్వల వద్ద కొంటే తాజాగా ఉంటాయి. తిరుగు విమానం రాత్రిదైతే హోటలు గది మధ్యాహ్నానికే ఖాళీ చేయాలి. పెద్దవాళ్లు నడుం వాల్చడానికి సాయంత్రం దాకా కనీసం ఒక గది ఉంచమని ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే రాయించుకోండి.